బాలప్ప అమ్మేసిన నల్ల పిల్ల

అశోక్‌నగర్ నాలా పక్కన రేకుల కొట్టంలో ఉండే బాలప్పకు ఆ చుట్టుపక్కల పెళ్ళికొడుకులందరూ తెలుసు. ఎవరు గుర్రమెక్కుతూ వణికారో, ఎవరు దిగుతూ పంచె చింపుకున్నారో పేర్లతో సహా చెప్పేవాడు. పాలమూరు వైపు నుంచి తట్ట మోయడానికి వచ్చిన మనిషి అతను. ఎనభై ఆరులో ఒక పెళ్ళి ఊరేగింపులో తెల్ల గుర్రాన్ని చూశాడు, మర్నాడు పనికి పోలేదు. భార్య కిష్టమ్మ మెడలోని గుండ్లు అమ్మించి చాందిని అనే ఎనిమిదేళ్ళ ఆడగుర్రాన్ని తెచ్చుకున్నాడు. అప్పట్నుంచి చిక్కడపల్లిలో బ్యాండు మోగిందంటే ముందు చాందిని, దాని పక్కన జరీ తలపాగాతో బాలప్ప. పెళ్ళికొడుకు కంటే తననే ఎక్కువమంది చూస్తారని అతని నమ్మకం. అందులో కొంత నిజం లేకపోలేదు.

తొంభై ఒకటిలో చాందిని ఈనింది. పుట్టింది బొగ్గులాంటి పిల్ల. బాలప్ప మొహం మాడిపోయింది. నల్ల గుర్రం మీద ఏ పెళ్ళికొడుకు ఎక్కుతాడు?

వాళ్ళ ఊరి పక్క ఊరివాడే ఆశన్న. మలక్‌పేటలో పందెపు గుర్రాలకు దాణా మోసేవాడు. పిల్లను చూడగానే వాడి కళ్ళు మెరిశాయి.

"నాకియ్యన్నా. తెల్ల గుర్రాలు శానామట్టుకు పుట్టినప్పుడు గిట్లనే ఉంటయి. ఏడెనిమిదేండ్లకు తెల్లగైతయి. నీ చాందిని గూడ చిన్నప్పుడు నల్లగనే ఉన్నదేమో."

బాలప్ప పగలబడి నవ్వాడు. చాందిని తన దగ్గరికి వచ్చిందే తెల్లగా వచ్చింది మరి. హోటల్లో టీ తాగుతూ ఈ ముచ్చటే మూడు రోజులు చెప్పుకొని నవ్వాడు. తొమ్మిది నెలల పిల్లను చవగ్గా ఇచ్చేశాడు. అయితే తాడు చేతికిస్తూ దాని గుణం దాచలేదు.

"గొడుగు తెరిస్తె బెదురుతది తమ్మీ. మొన్నటి వానల గోడకు గుద్దుకున్నది. జర పైలం."

చాందిని నాలుగు రోజులు గేటు వైపే తిరిగి సకిలించింది. ఐదో రోజు మేత ముట్టింది.

ఇక అక్కడ్నుంచి బాలప్పకు ఏడేళ్ళ శిక్ష. ఆశన్న పిల్లను తోలుకుని చిక్కడపల్లి చౌరస్తా మీదుగా పోయేవాడు. ఒక ఏడు అది బూడిద రంగు, మరో ఏడు నడుం మీద తెల్ల చుక్కలు. వచ్చే ఏడు మళ్ళీ నల్లబడుతుందేమోనని కూడా బాలప్ప ఆశపడ్డాడు, పిచ్చి మనిషి. తొంభై ఎనిమిదికల్లా అది పాలలా తెల్లబడింది. పేరు బాద్షా. డప్పు మోగితే కాళ్ళెత్తి ఆడుతుంది. బాలప్ప కుళ్ళిపోయాడు. అన్నం సహించలేదు. ఆశన్న మోసం చేసి ఉంటే తిట్టుకుని ఊరుకునేవాడు. కానీ వాడు ముందే చెప్పాడు. అదే కాల్చేస్తోంది.

ఆ ఎండాకాలం ఇంద్రసేనగారింట్లో మూడో కొడుకు అభిజిత్ పెళ్ళి వచ్చింది. ఆ ఇంటి పెద్ద కొడుకులిద్దరూ చాందిని ఎక్కినవాళ్ళే. మూడోవాడు కూడా తనవాడే అనుకున్నాడు బాలప్ప. ఇంద్రసేనగారి భార్య విద్యావతి గేటు దగ్గరే నిలబెట్టి చెప్పింది.

"చాందిని ముసల్దయింది గదా బాలప్పా. నారాయణగూడల ఆశన్న గుర్రం ఆడుతుంటె చూసినం. మావోడు గదే గావాలంటున్నడు. ఏమనుకోకు, పెండ్లికి మాత్రం రావాలె."

"ఏమనుకుంటనమ్మా" అన్నాడు బాలప్ప. గేటు దాటేలోపే అనుకోవలసిందంతా అనుకున్నాడు.

నలుగురిలో బాద్షా ఒక్కసారి బెదిరితే చాలు, ఇక ఏ పెళ్ళివారూ ఆశన్నను పిలవరు. అభిజిత్ కోసం చాందినికే కబురొస్తుంది. పెళ్ళి రోజు సాయంత్రం చాందినిని కడిగి, పూసల పట్టెడ కట్టి, సిద్ధంగా నిలబెట్టాడు. తర్వాత చూరులోంచి నల్ల గొడుగు తీశాడు.

"వానా లేదు, ఎండా లేదు. గొడుగెందుకయ్యా?" అంది కిష్టమ్మ.

"అక్కెర ఉన్నది."

చిక్కడపల్లి చౌరస్తాలో, జనం ముందు వరసలో నిలబడ్డాడు. బ్యాండు దగ్గరైంది. బాద్షా ఆడుతూ వచ్చింది. ఎంత బాగుందో! ఆ మెడ చాందినిదే, ఆ నడక చాందినిదే. తలపాగా మాత్రం ఆశన్నది. బాలప్ప పళ్ళు బిగించి, పది అడుగుల దూరంలో ఫట్‌మని గొడుగు తెరిచాడు.

అప్పుడు చూశాడు, అభిజిత్ ముందు నాలుగేళ్ళ మనీష కూర్చుని ఉంది. అతని మేనకోడలు. బాలప్ప గొడుగు ముయ్యబోయాడు, మీట దొరకలేదు.

బాద్షా ఆగింది. చెవులు నిక్కించింది. తిన్నగా నడిచి వచ్చి గొడుగు కింద తలపెట్టి, బాలప్ప చొక్కా చేతిని మూతితో తడుముతూ నిలబడింది. జనం చప్పట్లు కొట్టారు. మనీష కిలకిలా నవ్వింది.

ఆశన్న మొహం వెలిగిపోయింది. "యాదుంచుకొని తెచ్చినవా అన్నా! నువ్వు జెప్పినవని ఆర్నెల్లు గొడుగు కిందనే బెల్లం బెట్టిన. ఇప్పుడు గొడుగు కనబడితె బెల్లమే అనుకుంటది." జేబులోంచి బెల్లం ముక్క తీసి బాలప్ప చేతిలో పెట్టి, కళ్ళెం కూడా అందించాడు. "పట్టుకో. నీ ఇంటి పిల్లనే గదా."

బాలప్ప గొడుగు మూసి చంకలో పెట్టుకున్నాడు. నారాయణగూడ ఫంక్షన్ హాలు దాకా కళ్ళెం పట్టుకుని నడిచాడు. దారి పొడుగునా జనం "ఆశన్న గుర్రం, ఆశన్న గుర్రం" అంటూనే ఉన్నారు. సిగ్గు ఒక పక్క, అసూయ ఒక పక్క. అసూయే ఎక్కువ.

తెల్లారి కొట్టంలోకి పోయేసరికి చాందిని ఇంకా పట్టెడతోనే ఉంది. దగ్గరికి రాగానే అతని చొక్కా చేతిని వాసన చూసింది. మళ్ళీ మళ్ళీ చూసింది. సన్నగా, లోపల్లోపలే సకిలించింది. పిల్ల దగ్గరున్న తొమ్మిది నెలలూ విన్న సకిలింపు అది. మళ్ళీ ఇన్నాళ్ళకు విన్నాడు.

పన్నెండేళ్ళు గడ్డి వేసిన తనకోసం అది ఒక్కనాడూ అలా సకిలించలేదు. బాలప్పకు మళ్ళీ కడుపు మండింది. అయినా చొక్కా విప్పి చాందిని మూతికి అందేలా గుంజకు తగిలించి, బనీనుతోనే టీ తాగడానికి పోయాడు.