పసుపు కళ్ళంలో సోలార్ ప్యానెల్

ఈ ప్రయాణానికి కారణం మా ఇంటి బట్టల తీగ. మడిస్తే పుస్తకమంత, విప్పితే తువ్వాలంత ఉండే సోలార్ ప్యానెల్ ఒకటి విశాఖ ఎగ్జిబిషన్‌లో చూసి, మనసాగక రెండున్నర వేలు పోసి కొన్నాను. యలమంచిలిలో ఇంటర్ పిల్లలకి ఫిజిక్స్ చెప్పేవాణ్ణి, ఆమాత్రం సరదా ఉండదా? మూడు నెలలు అది తీగ మీదే వేలాడింది. ఇంట్లో ప్లగ్గు ఉండగా కెమెరా బ్యాటరీని ఎండలో చార్జింగ్ పెట్టే మనిషిని మిమ్మల్నే చూశాను, ఏ కొండకో తీసుకెళ్ళి వాడండి, లేకపోతే దాని మీద అప్పడాలు ఎండబెడతాను అని మా ఆవిడ సుగుణ ఖరాఖండీగా చెప్పేసింది. సెల్‌ఫోన్లో కెమెరా ఉంటే గొప్పగా చెప్పుకునే రోజులవి. ఫిబ్రవరిలో ఒక రెండో శనివారం డిజిటల్ కెమెరా, గుడారం, ప్యానెల్ సంచిలో కుక్కుకుని బయలుదేరాను. ఆదివారం చర్చి మానేస్తున్నానని సుగుణ గుర్తుచేసింది.

ఆరింటి బస్సు కోటవురట్ల మీదుగా ఏడున్నర దాటాక నర్సీపట్నంలో దింపింది. ఇడ్లీ తిని చింతపల్లి వైపు వెళ్ళే సర్వీసు జీపు ఎక్కాను. మనిషికి పాతిక. జీపు నిండితేనే కదులుతుంది, డ్రైవర్ నూకరాజు లెక్కలో నిండడమంటే డ్రైవరుకి కూడా చోటు మిగలకపోవడం. ఘాట్ రోడ్డంతా పొగమంచు. గుడారం ఎక్కడ వేసుకోవాలని అడిగితే, దారిలో ఒక ఊళ్ళో తనకి తెలిసిన బాలన్న ఇంటి దగ్గర దింపాడు. వాగు పక్కనే ఉంది, మనుషులు మంచివాళ్ళు. మర్నాడు ఒంటిగంటకి వస్తానని, లేటయితే ఆగనని ముందే చెప్పాడు.

బాలన్నకి ముప్ఫై ఏళ్ళుంటాయి. వాళ్ళ మామ్మ ఇంటి ముందు కళ్ళంలో ఉడకబెట్టిన పసుపు కొమ్ములు ఎండబోసి కాపలా కాస్తోంది. నేను మంచుకి, చెట్లకి, మంచులో చెట్లకి, ఆఖరికి వాళ్ళ మేకకి కూడా ఫోటోలు తీశాను. మధ్యాహ్నానికి బ్యాటరీ ఊపిరి వదిలింది. సరిగ్గా అప్పుడే బాలన్న ఒక కాగితం పట్టుకుని మొహమాటంగా వచ్చాడు.

"బాబూ, మా మామ్మకి పింఛను కాయితం ఇది. సోమారం ఇచ్చీయాల. ఫోటో ఒక్కటే తక్కువ."

మామ్మకి జీపు పడదట. మొదటిసారి నర్సీపట్నం స్టూడియోకని బయలుదేరి, రెండో మలుపులోనే వాంతులై, దిగి నడుచుకుంటూ ఇంటికొచ్చేసింది. రెండోసారి పళ్ళ బిగువున స్టూడియో దాకా చేరితే అక్కడ కరెంటు లేదు. ఇక చచ్చినా జీపెక్కనని ఒట్టు పెట్టుకుంది. నేను మేకకి తీసిన నాలుగు ఫోటోలూ కళ్ళ ముందు మెదిలి సిగ్గేసింది. ఊళ్ళో కరెంటు పోయి మూడు రోజులైంది. ఈ కెమెరాకి కొట్లో దొరికే పెన్సిల్ సెల్స్ పట్టవు, లిథియం బ్యాటరీయే కావాలి. అయినా ఏం భయం లేదు, రెండు గంటల ఎండ చాలని ప్యానెల్ చూపించి, మామ్మకీ బాలన్నకీ సూర్యశక్తి మీద చిన్న పాఠం కూడా చెప్పాను. ఎండ బాగా పడేది కళ్ళంలోనే కాబట్టి పసుపు పక్కన ప్యానెల్ పరిచి, బ్యాటరీని చార్జర్లో పెట్టి, వాగులో స్నానానికి పోయాను.

నాలుగింటికి వచ్చి చూస్తే చార్జర్ దీపం వెలగడం లేదు. వైర్లు పీకి పెట్టాను, ఊది తుడిచాను, ప్యానెల్ అమ్మినవాణ్ణి తిట్టుకున్నాను. ఈలోగా పొద్దు కొండ వెనక్కి పోయింది. ఆదివారం మంచు విడేసరికి తొమ్మిదిన్నర. మళ్ళీ పరిచి, దీపం వెలగడం కళ్ళారా చూసి, కాఫీ తోట చుట్టి పదకొండింటికి వచ్చాను. మామ్మ వంగి పసుపు కొమ్ములు తిరగేస్తోంది. ఆ వరసలోనే నా ప్యానెల్‌నీ రెండు చేతులా ఎత్తి, జాగ్రత్తగా బోర్లా పడుకోబెట్టింది.

"మామ్మా, దాన్నెందుకు తిప్పావు?"

"ఒక పక్కే ఎండితే కుళ్ళిపోదేటి బాబూ? నిన్న కూడా నానే తిరగేసినాను. నువ్వు సూడవు కదా మరి."

నిజమే, రెండు పక్కలా నల్లగానే ఉండే ఆ ప్యానెల్ ఏ పక్కకి ఉందో నిన్న నేను చూడనే లేదు, వైర్లతోనే కుస్తీ పట్టాను. అంత పాఠం చెప్పానా, ఏ పక్క ఎండకి ఉండాలో మాత్రం చెప్పలేదు. ఆ ముక్క చెప్పగానే మామ్మ ప్యానెల్‌ని పూర్తిగా స్వాధీనం చేసుకుంది. నేను నేల మీద పరిచింది చూసి పెదవి విరిచి, చేటకి ఆనించి ఎండకి ఎదురుగా నిలబెట్టింది. పనసచెట్టు నీడ ఎటు జరుగుతుందో ఆమెకి కంఠతా వచ్చు. నీడ రాకముందే చేటతో సహా పక్కకి జరిపేది. దీపం ఒక్కసారి కూడా ఆరలేదు.

ఒంటిగంటకి రోడ్డు మీద హారన్ మోగింది. మామ్మ నూనె రాసి తల దువ్వుకుని, కొత్త చీర కట్టి పీట మీద కూర్చుంది. కెమెరా ఆన్ చేస్తే, రెండు గంటల ఎండ చాలన్న నా లెక్క తప్పి, తెర మీద ఎర్ర గీత ఒక్కటే ఉంది. మహా అయితే ఒక్క ఫోటో వస్తుంది. తీరా చూస్తే ఆవిడ చూపు నా వైపు లేదు, ప్యానెల్ మీద ఉంది. ఇటు చూడమంటే చూసి మళ్ళీ అటే తిరిగేది. నీడొచ్చేస్తంది, బేగి జరపండి అని మమ్మల్నే కసురుకుంది. అవతల నూకరాజు హారన్ ఆపడం లేదు. చివరికి బాలన్న చేత ఆ ప్యానెల్ ఎత్తించి నా తల వెనక పట్టించాను. మామ్మ దాన్ని తేరిపారా చూసింది. నొక్కాను. కెమెరా ఆరిపోయింది.

సాయంత్రం నర్సీపట్నం స్టూడియోలో ప్రింటు చేతికొచ్చేదాకా నాకు ప్రాణం కుదుటపడలేదు. పసుపు మీదకి మేకొస్తే చూసే చూపుతో ఆవిడ సూటిగా నన్నే చూస్తోంది. నాలుగు కాపీలు నూకరాజుకిచ్చి సోమవారం తొలి ట్రిప్పులో పంపించాను. నెల తర్వాత అతను కనిపిస్తే ఆత్రంగా అడిగాను. కాగితం తీసుకున్నారట, పింఛను కూడా మొదలైందట. చాలా ఏళ్ళుగా పాఠాలు చెబుతున్నాను గానీ, ఆ వార్తకి కలిగినంత సంతోషం ఏ రిజల్ట్సుకీ కలగలేదు. ఆ ఎండని పట్టింది నా ప్యానెల్ కాదు, మామ్మే. మీరూ కొండల్లోకి ప్యానెల్ పట్టుకెళితే, ఎవరి వాకిట్లో పెడుతున్నారో వాళ్ళకి ఏ పక్క పైకుండాలో ముందే చెప్పి, తర్వాత వాగుకి వెళ్ళండి. ఎందుకంటే నూకరాజు ఇంకో మాట కూడా చెప్పాడు. ఫోటోలు చేతికి రాగానే మామ్మ కళ్ళంలో పెట్టి, రెండు పక్కలా ఎండబెట్టాకే కాగితానికి అంటించనిచ్చిందట.