సగంలో లేచి వచ్చేసిన సినిమా

నా చిన్నప్పుడు సగంలో లేచి వచ్చేసిన సినిమా ఒకటుంది. ఇప్పటిదాకా చూసినవాటిలో నాకు అన్నింటికన్నా ఇష్టమైనది అదే. పేరు తెలియదు. అక్షరాలు నాకు యాభై దాటాక వచ్చాయి. అప్పట్లో మా జాలరిపేట ఆడవాళ్ళం గోడ మీద బొమ్మ చూసి సినిమాకి వెళ్ళిపోయేవాళ్ళమే.

మా నాన్న తెరచాప నావ మీద వేటకి వెళ్ళి నాలుగు రోజులైంది. మధ్యలో పెద్ద గాలి వీచింది. మిగతా నావలన్నీ తిరిగొచ్చాయి. నేను తిండి మానేసి ఒడ్డునే కూర్చున్నాను. మా నాయనమ్మ వచ్చి, "లెగే గుంటా! నువ్వు గుడ్లప్పగించి సూత్తే నావ బేగొచ్చేత్తాదేటి? సినిమాకెల్దాం" అంది. కొడుకు ఇల్లు చేరలేదు, ఈవిడకి సినిమా కావలసి వచ్చిందా అని పేటలో మూతులు తిప్పారు. ఆవిడ లెక్కచేయలేదు.

మధ్యాహ్నం ఆట. పొద్దున్నే చేపలు అమ్ముకున్న మావాళ్ళే నేల టిక్కెట్టు నిండా, ఖాళీ తట్టలు ఒళ్ళో పెట్టుకుని. కాసేపటికి తెర మీద సముద్రం వచ్చింది. గాలివాన. నావలో ఒక్కడే మనిషి, తెరచాప మాత్రం నిండుగా ఎత్తి ఉంది. అంత గాలిలో చాప దించకపోతే నావ తిరగబడుతుంది. అది సినిమా అన్న సంగతి మావాళ్ళు మర్చిపోయారు.

"సాప దించరా బాబూ!"

"నీ మొకం మండ, నీకు నావ ఎవుడిచ్చేడ్రా!"

వెనక కుర్చీలోంచి ఒకాయన, "అది బొమ్మమ్మా, ఆడికి ఇనబడదు" అన్నాడు.

"బొమ్మయితే గాలి గాలి కాదేటి?" అంది మా నాయనమ్మ. హాలంతా నవ్వింది. ఆవిడ నవ్వలేదు. లేచి నిలబడి, "దించు నాయినా, దించు" అని గొంతు పోయేలా అరిచింది. ఆ వెంటనే నా రెక్క పట్టుకుని బయటికి లాక్కొచ్చేసింది.

"ఆడు ఏటైపోనాడే నానమ్మా?" అన్నాను.

"సాప దించీసినాడు, సూడలేదేటి? గట్టుకి సేరిపోతాడు."

నా కళ్ళకైతే చాప దిగలేదు. ఇంటికి వెళ్ళి, ఆవిడ కలిపి పెడితే అన్నం తిన్నాను.

మా నాన్న రాలేదు.

నాయనమ్మ నాకోసమే హాల్లోంచి లేచి వచ్చేసిందని చాలా ఏళ్ళు అనుకున్నాను. నా కొడుకు మొదటిసారి హార్బర్‌లో మరబోటు ఎక్కిన రోజున నేనూ అటు చూడలేకపోయాను. అప్పుడు తెలిసింది, ఆవిడ చూడలేక లేచిందని. తనే చూడలేని మనిషి, పక్కనున్న పిల్లకోసం ఒక మాట వెతికి ఇచ్చింది. అంతకన్నా పెద్ద సంగతి నాకెవరూ నేర్పలేదు.

మొన్న మనవరాలు, "కథ చెప్పు మామ్మా, పేరు తెలీకపోయినా ఫోన్లో దొరికేస్తాది. ఆఖరిదాకా చూసేద్దాం" అంది. మర్చిపోయానని అబద్ధమాడాను. నా దగ్గర ఆ నావ ఇంకా నీళ్ళ మీదే ఉంది. మొండిదాన్నని అనుకుంటే అనుకోండి. దాన్ని ఒడ్డుకీ తేను, ముంచనూ ముంచను.