ముప్పైఆరు ఫోటోల్లో లేని సువర్ణ

మా చిన్నప్పుడు... ఆవిరి ఇంజన్ ఆఖరిసారి వచ్చిన రోజు, పొద్దున ఎనిమిదింటికే నేను ప్లాట్‌ఫారం మీద ఉన్నాను. ఇంజన్ పదిన్నరకు వచ్చింది. స్టేషన్ వాళ్లు బంతిపూల దండ వేసి కొబ్బరికాయ కొట్టారు. పది నిమిషాలు ఆగి, నీళ్లు పట్టుకుని పోయింది. మధ్యాహ్నం అవే పట్టాల మీద డీజిల్ ఇంజన్ వచ్చింది. అంతే.

నాకప్పుడు పద్నాలుగేళ్లు. మాది ఇబ్రహీంపట్నం. మా ఊరికి రైలు లేదు, ఇప్పటికీ లేదు. మా మేనమామ షాద్‌నగర్ దాటాక ఒక చిన్న స్టేషన్‌లో పని చేసేవాడు. ఆవిరి ఇంజన్లు బంద్ అవుతున్నాయని ఆయనే కబురు పంపాడు. చిన్నాయనను బతిమాలి కెమెరా తీసుకున్నాను. రెండు బస్సులు మారి ముందురోజే చేరాను. నలుపు తెలుపు రీలు... ముప్పైఆరు ఫోటోలు వస్తాయి.

మామ కూతురు సువర్ణ నాకంటే మూడేళ్లు చిన్న. మా వైపు మేనరికం మామూలే. ఆమె పుట్టినప్పుడే నాకని అనుకున్నారట. ఆ ఇంటికి పోయినప్పుడల్లా ఎవరో ఒకరు ఆ మాట ఎత్తి నవ్వేవాళ్లు. ఆ వయసులో అది ఎంత నామోషీయో చెప్పలేను.

ఆ రోజు నేను ఒక్కచోట నిలబడలేదు. సిగ్నల్ దాకా పరుగు... మళ్లీ నీళ్ల ట్యాంకు దగ్గరికి... మళ్లీ ప్లాట్‌ఫారం చివరికి. ఎండ ఎటు ఉందో చూసుకోవాలి, పొగ ఎటు పోతుందో చూసుకోవాలి. ఎటు పోయినా వెనక సువర్ణ.

ఇంజన్ వచ్చి ఆగింది. నేను మీట నొక్కుతూనే ఉన్నాను.

"బావా, నన్నొకటి దియ్యరాదు."

"జరుగు. ఇంజన్‌కు అడ్డమొస్తున్నవ్."

"గా నల్లబర్రెకు పది ఫోటోలు. నాకు ఒక్కటి లేదా?"

మామ విన్నాడు. పక్కనున్న పోర్టర్‌తో కలిసి నవ్వాడు. "ఏమ్రా అల్లుడా, రేపు ఇంజన్‌నే పెండ్లి చేసుకుంటవా ఏంది? తియ్యిరా. నీ పెండ్లాం ఫోటో నీకే పనికొస్తది."

ఆ మాటతో అసలే తీయలేదు. ఫోటోలు కడిగించాక అమ్మ చూస్తుంది, చిన్నాయన చూస్తాడు, ఇరుగుపొరుగు చూస్తారు. అందులో సువర్ణ ఉంటే నన్ను బతకనియ్యరు. కెమెరా ఎత్తిన ప్రతిసారీ ఆమె ఎక్కడుందో ముందు చూసుకున్నాను. కనబడితే జరగమన్నాను. జరగకపోతే నేనే జరిగాను.

డ్రైవర్ ఆమెను ఇంజన్ మెట్టు మీదికి ఎక్కించుకున్నాడు. మురిసిపోతూ నా వైపు చేయి ఊపింది. నేను వంగి చక్రాలు తీశాను.

దిగి వచ్చి, మసి అంటిన రెండు చేతులూ నా చొక్కా వీపుకు తుడిచింది. "ఉంచుకో. గిదే నా ఫోటో."

డీజిల్ వచ్చేసరికి అలిగి, కెమెరాకు అడ్డం లేకుండా పక్కకు పోయి నిలబడింది. నాకు కావలసింది అదే. మిగిలిన ఫోటోలు డీజిల్‌వి తీశాను. రీలు అయిపోయింది.

పెద్దవాళ్లు అనుకున్నట్టే మా పెండ్లి అయింది. ఇరవైఆరేళ్లు కలిసి ఉన్నాం. సువర్ణ పోయి ఏడు నెలలు.

ఇంట్లో కూర్చోలేకపోతున్నాను. పొయ్యి మీద టీ పెట్టి మరిచిపోతాను. బండి తీసి మన్నెగూడ దాకా పోతాను, ఏమీ కొనకుండా తిరిగి వస్తాను.

పోయిన ఆదివారం మా బిడ్డ ఫోన్ చేసింది. "నాయినా, అమ్మ చిన్నప్పటి ఫోటో ఒక్కటన్న ఉన్నదా? నా బిడ్డ అచ్చం అమ్మ లెక్కనే ఉన్నదంటున్నరు అందరు. నేను చూడలే కదా."

చూస్తానన్నాను. ఉండదని తెలిసే అన్నాను. మామ ఇంట్లో ఫోటోలు దిగే అలవాటు లేదు. పెండ్లిలో బాసికం కట్టిన ముఖమే ఆమె మొదటి ఫోటో.

అయినా సజ్జ మీది సందుగ దించాను. అడుగున ఆ కవరు దొరికింది. రెండు చెడిపోగా ముప్పైనాలుగు ఫోటోలు. చక్రాలు, పొగ గొట్టం, పూలదండ, పచ్చజెండా పట్టుకున్న మామ. ఒక్కొక్కటీ చూశాను. మళ్లీ మొదటి నుంచి చూశాను. ఎంత జాగ్రత్తగా తీశానో... ఎక్కడా లేదు. డీజిల్ ఫోటో ఒకదాంట్లో ఎడమ అంచున మాత్రం ఒక రిబ్బను కొస, ఒక మోచేయి.

కవరులోనే నెగటివ్‌లు కూడా ఉన్నాయి. ఆ ఫోటోది వెతికి కిటికీ వెలుతురుకు పట్టాను. ప్రింటు వేసేటప్పుడు అంచులు కొద్దిగా పోతాయి. ఫిల్ము మీద ఇంకొంచెం ఉంటుంది. ఆ కొంచెంలో సువర్ణ ఉంది. చెవి, చెంప, ఒక కన్ను. నా వైపే చూస్తోంది. అలిగిందో నవ్వుతోందో ఆవగింజంత ముఖంలో తెలియడం లేదు. నెగటివ్ కదా, జుట్టు తెల్లగా కనిపించింది. ఆ వయసు దాకా ఆమె ఉండలేదు.

ఇప్పుడు ఫోన్లో లెక్క లేకుండా తీస్తున్నాం, ఎవరినీ జరగమనే పనిలేదు. అప్పుడు ముప్పైఆరే... అందులో ఎవరుండాలో పద్నాలుగేళ్లవాడు తేల్చాడు. మీ ఇండ్లలో పాత నెగటివ్‌లు ఉంటే పారేయకండి. ఒకసారి వెలుతురుకు పట్టి చూడండి. అంచున ఎవరున్నారో కింద రాయండి... అన్నీ చదువుతాను.

నెగటివ్ నుంచి ప్రింటు వేసే స్టూడియో సిటీలో ఇంకా ఒకటి ఉందట. రేపు పొద్దున మొదటి బస్సుకు పోతాను. ఇంజన్ సగం పోయినా పర్వాలేదు, ఎడమ అంచు మాత్రం కోయవద్దని చెప్తాను.