స్వప్న పేర్చుకున్న కవచం

కొన్నేళ్లుగా ఒక మాట నా గొంతులోనే ఉండిపోయింది. స్వప్న ఎదురైనప్పుడల్లా పైకి వస్తుంది, మింగేస్తాను. ఆమెకు చెప్పలేనిది మీకు చెబుతున్నాను.

నాచారంలో ఇద్దరం ఒకే ఆఫీసులో బిల్లింగ్ చూసేవాళ్లం. ఉప్పల్ నుంచి ఒకే ఆటోలో వెళ్లేవాళ్లం. ఫోన్‌లో ఆన్‌లైన్ యుద్ధాల ఆట ఒకటి ఆమెకు నేర్పింది నేనే. నేను వేగంగా బాణాలు వేసే పాత్రను ఎంచుకున్నాను. చూడ్డానికి అందంగా ఉండేది, రెండు దెబ్బలకే చచ్చేది. ఆమె మాత్రం పెద్ద డాలు మోసే లావుపాటి ఆడమనిషిని ఎంచుకుంది. "గిదేందే, గింత మొద్దుగున్నది?" అని నవ్వాను. ఆమె పట్టించుకోలేదు. గెలుచుకున్నదంతా దెబ్బలు తట్టుకునే శక్తికే పెట్టింది. కవచాన్ని ముక్క ముక్కగా పేర్చుకుంది. పోనుపోను మా జట్టు మొత్తం ఆ డాలు వెనకే బతకసాగింది. "స్వప్న ఉంటే ఫికర్ లేదు" అనేవాళ్లు. నేర్పింది నేనని ఒక్కరికైనా గుర్తుందా?

ఆపరేషన్ కోసం దవాఖానాలో చేరుతూ, జట్టుకు ఇబ్బంది కాకూడదని పాస్‌వర్డ్ నాకిచ్చింది. నా ఫోన్‌లో ఆమె పాత్రతో ఆడాను. ఎన్ని దెబ్బలు పడినా అది కూలలేదు. ఆడింది నేను. "స్వప్నా, మస్తు ఆడినవ్" అని అందరూ రాశారు. మర్నాడు లంచ్ టైములో, డబ్బా పక్కన పెట్టుకుని, ఆ కవచం ముక్కలన్నీ విరగ్గొట్టాను. విరిగినవి తిరిగి రావు. నిజంగానే చేయమంటారా అని ఆట ప్రతిసారీ అడిగింది. ప్రతిసారీ అవునన్నాను. ఒక్కసారైనా ఆగానా? లేదు. అది ఇంకా భయపెడుతుంది.

ఆమె భర్త శ్రీనివాస్‌కు ఆ ఆటంటే పడదు. దవాఖానాలో ఉన్నన్ని రోజులూ ఆమె ఫోన్ అతని దగ్గరే ఉంది.

"ఆయనే జేసిండక్కా. అడిగితే తెల్వదంటుండు" అని ఏడ్చింది స్వప్న, ఇంటికొచ్చి ఆట తెరిచి చూశాక.

"పాస్‌వర్డ్ నా దగ్గర గూడ ఉన్నది గదనే" అన్నాను. ఎందుకన్నానో! దొరికిపోవాలనా?

"నువ్వెందుకు జేస్తవక్కా? నాకు నేర్పిందే నువ్వు."

ఈ ఒక్క మాట ఎవరో ఒకరు అనాలనే కదా ఇన్నాళ్లూ కుళ్లుకున్నాను! అప్పుడైనా చెప్పొచ్చు. "జర ఓపిక పట్టు" అన్నాను.

ఆమె పట్టలేదు. అబద్ధాలాడే మనిషితో ఉండలేనని మౌలాలిలో పుట్టింటికి వెళ్లిపోయింది. అతను తిరిగి తిరిగి, చివరికి ఆ గుమ్మంలో నిలబడి తానే చేశానన్నాడట. చేయని తప్పు. ఆమె ఇంటికి రావాలంతే.

"ఒప్పుకుండు గదక్కా, మాఫ్ జేసిన" అని స్వప్న నాకు తేలిగ్గా చెప్పింది. మళ్లీ ఆ ఆట ముట్టలేదు. ఇప్పుడు ఇద్దరూ బాగానే ఉన్నారు. ఆట మాట వస్తే మాత్రం శ్రీనివాస్ తల దించుకుంటాడు, ఆమె అతని భుజం తడుతుంది.

అది చూసినప్పుడు నాకు సిగ్గు వేయాలి. వేస్తుంది కూడా. కానీ దానికంటే ముందు, లోపల ఎక్కడో, అసూయే కదులుతుంది. నా తప్పుకు దొరికిన క్షమ కూడా నాకు రాలేదని. ఇంత నీచంగా ఎవరైనా ఉంటారా? నేనున్నాను. రాసేశాక ఊపిరి కాస్త ఆడుతోంది.