చీపురు తరువాతి కుర్చీ

నోట్‌బుర్గాను ఊరంతా బుర్గీ అంటారు. అరవై మూడేళ్ళు. ఓబర్‌లాన్ అనే మంచుకొండల ఊళ్ళో పాత కుర్చీ లిఫ్టు పైగుడిసెలో ముప్పై నాలుగు చలికాలాలు పనిచేసింది. పని ఏమిటంటే, తీగకు వేలాడుతూ కొండెక్కి వచ్చిన జంట కుర్చీల్లోంచి మనుషుల్ని పడకుండా దింపడం, పడ్డవాళ్ళను లేపడం, లేవనివాళ్ళ కోసం లిఫ్టు ఆపడం. వినడానికి తేలికే. రోజుకు రెండు వేల మంది వస్తారు. అందులో సగం మందికి తమ కాళ్ళు ఎక్కడున్నాయో తెలియదు.

"స్కీల ముక్కులు పైకెత్తు తల్లీ, పైకి! గీత దాటాక లేవాలి, ముందు కాదు. ఏం, ఇంటి దగ్గర కుర్చీ లేదా నీకు?"

ఆమె నోటికి జడిసి మనుషులు తిన్నగా దిగేవారు. దిగినవాళ్ళను కూడా ఊరికే వదిలేది కాదు. కాళ్ళు చల్లబడుతున్నాయని ఏడ్చే పిల్లను కూర్చోబెట్టి బూటు విప్పించేది. లోపల రెండు జతల మేజోళ్ళు కనిపించేవి. "ఎవరు చెప్పారే నీకు రెండు తొడగమని? కాలు బిగుసుకుపోయి నెత్తురాడకపోతే వెచ్చదనం ఎక్కడిది? పల్చటి జత ఒక్కటి చాలు." మంచు కళ్ళద్దాలు నుదుటి మీదికి నెట్టుకున్నవాడు కనిపిస్తే, చెమట ఆవిరికి మసకేస్తాయి, మెడలోకి దించుకో అనేది. ఫోను చలికి చచ్చిపోతుంది, ఒంటికి ఆనించి దాచుకో అనేది. మబ్బు దిగి నేలా ఆకాశం ఒకే తెలుపైన రోజున మాత్రం అందరికీ ఒకటే మాట. "చెట్ల వెంబడే దిగండి. ఎత్తేదో పల్లమేదో చెట్టే చెబుతుంది. సారా తాగేది కిందికి చేరాకే."

ఎవరైనా పట్నం పెద్దమనిషి "మీరు దయచేసి" అని మొదలుపెడితే నవ్వేది. "కొండ మీద మీరు లేదయ్యా, అందరూ నువ్వే. మీరును బస్సు దగ్గర వదిలి రావాలి." అది ఆమె పెట్టిన రివాజు కాదు, ఆ కొండలది. మంచులో కూరుకుపోయినవాడిని గారూ అని పిలుస్తూ కూర్చుంటే పీకేదెప్పుడు?

సాయంత్రం నాలుగింటికి కిందిగుడిసె మనిషి గేటు మూసి, తరువాత వచ్చిన ఖాళీ కుర్చీకి ఒక చీపురు కట్టి పంపుతాడు. చీపురు కుర్చీ వెనక మనిషి లేడని దాని అర్థం. పదకొండు నిమిషాలకు అది పైకి చేరుతుంది. పైనున్న మనిషి చీపురు విప్పి, మీట నొక్కి, లిఫ్టు ఆపి, గుడిసెకు తాళం వేసి దిగిపోవచ్చు. నిబంధన అంతే.

బుర్గీ ఆపదు. ఇరవై ఏడేళ్ళుగా ఒక్క రోజు కూడా ఆపలేదు. చీపురు విప్పి, మరో పదకొండు నిమిషాలు లిఫ్టును నడవనిస్తుంది. వెనకాల వచ్చే ఖాళీ కుర్చీలను ఒక్కొక్కటే చూస్తూ నిలబడుతుంది. అందరూ ముసలిదాని చాదస్తం అనుకున్నారు. ఆమె కూడా అనుకోనిచ్చింది.

మంచు కురిసే రోజుల్లో ఖాళీ కుర్చీలన్నీ బొటనవేలి మందాన తెల్లగా కప్పుకుని వస్తాయి. చీపురు వచ్చిన ఆరో నిమిషంలో మాత్రం ఒకటి తేడాగా వస్తుంది. కుర్చీ ఏ రోజుకారోజు వేరే. ఎడమవైపు, ఒక మనిషి కూర్చునేంత మేర, మంచు ఉండదు. చెక్క తడిగా, నల్లగా కనిపిస్తుంది. గాలి అనుకుందామా అంటే గాలికి ఎడమా కుడీ తెలుస్తాయా? బుర్గీ ఆ కుర్చీ అడ్డుకమ్మీ పైకెత్తుతుంది. "దిగు కాసియాన్, మెల్లగా," అంటుంది. కుర్చీ తిరిగి కిందికి పోతుంది. ఈ సంగతి ఆమె పాదిరికి కూడా చెప్పలేదు.

ఆ చలికాలం జనవరిలో కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది. రాసినవాడు కొత్త మేనేజరు లియోపోల్డ్. "గౌరవనీయులైన నోట్‌బుర్గా గారికి. చీపురు చేరిన తరువాత కూడా మీరు లిఫ్టును నడుపుతున్నారు. కరెంటు వృథా అవుతోంది. లిఫ్టు ఆగేదాకా మంచు చదునుచేసే బండ్లు కదలడం లేదు. కారణమేమిటో మీరు శుక్రవారంలోగా తెలియజేయాలి. లేనిచో సోమవారం నుంచి చీపురు చేరగానే లిఫ్టు కిందినుంచే ఆపబడును."

ఆమె ఉత్తరాన్ని రెండుసార్లు చదివింది. ఈ లియోపోల్డ్ ఊరందరికీ పోల్డీ. తన మోకాళ్ళ మధ్య నిలబడి స్కీయింగ్ నేర్చుకున్నవాడు, భయానికి ప్యాంటు తడిపినవాడు. వాడు ఇప్పుడు మీరు అంటున్నాడు. తిట్టినా ఇంత నొప్పి ఉండేది కాదు.

అయినా అసలు నొప్పి అది కాదు. కారణం చెప్పకపోతే సోమవారం నుంచి ఆ కుర్చీ పైకి రాదు, లోయ మీద సగం దారిలో వేలాడుతూ రాత్రంతా ఉండిపోతుంది. కారణం చెబితే ఇరవై ఏడేళ్ళ కిందట తాను మింగిన మాట బయట పడుతుంది. బయట పడితే తన పేరొక్కటే పోదు, సెరాఫిన్ మాట కూడా అబద్ధమవుతుంది.

సెరాఫిన్ అప్పట్లో కిందిగుడిసె మనిషి. చీపురు కట్టి పంపగానే పైగుడిసెలో వినిపించే గంటను రెండుసార్లు పొట్టిగా మోగించేవాడు. చీపురు బయల్దేరిందని అర్థం. ఎప్పుడైనా పొడుగ్గా మోగిస్తే, చీపురు వెనకాల మనవాడొకడు వస్తున్నాడు, ఆపకు అని అర్థం. ఏ పుస్తకంలోనూ రాసిలేదది. చీపురు అతిథులకే గాని ఊరివాళ్ళకు కాదని ఊరి నమ్మకం. పై సత్రంలో పనిచేసేవాళ్ళు, తపాలా మనిషి, పాలవాడు అందరూ చీపురు దాటాకే తీరిగ్గా ఎక్కేవారు.

ఇరవై ఏడేళ్ళ కిందటి ఆ రోజు మధ్యాహ్నం పై సత్రంలో అందరూ రొట్టె ఉండల చారు తింటున్నారు. సెరాఫిన్ గరిటె ఎత్తి అన్నాడు. "మన బుర్గీకి సంబంధం చూడాలంటే చీపురు కుర్చీలోనే పంపాలిరా. దాని వెనకాల ఇంకెవడూ రాడు!"

సత్రం గొల్లుమంది. వంటవాడు కాసియాన్ ఒక్కడే నవ్వలేదు. "ఊరుకోరా, దాని చారు చల్లారుతుంది," అన్నాడు. బుర్గీ చెంచా కింద పెట్టి లేచి పోయింది. సెరాఫిన్ అంటే ఆమెకు ఇష్టం. అది సెరాఫిన్‌కు తప్ప అందరికీ తెలుసు.

మూడింటికి కాసియాన్ రొట్టెల కోసం ఊళ్ళోకి దిగాడు. మంచు మొదలైంది, మబ్బు దిగింది, పదడుగుల అవతల కుర్చీ కనిపించడం లేదు. నాలుగింటికి గంట రెండుసార్లు మోగింది. ఆరు నిమిషాల తరువాత పొడుగ్గా మోగింది. ఆగి, మళ్ళీ పొడుగ్గా మోగింది. బుర్గీ గంట వంక చూసింది. మధ్యాహ్నం అన్నదానికి బతిమాలుకుంటున్నాడు, మోగించుకోనీ అనుకుంది. చీపురు వచ్చింది. లిఫ్టు ఆపింది. తాళం వేసి, కొండ వెనక దారిలో ఇంటికి దిగిపోయింది.

సెరాఫిన్ గంట మోగించి, చివరి బస్సెక్కి వెళ్ళిపోయాడు. పైన బుర్గీ ఉంటే ఆగి చూడాల్సిన పని ఎవరికుంది? సత్రంవాళ్ళు కాసియాన్ తల్లి దగ్గర పడుకున్నాడనుకున్నారు. తల్లి సత్రంలో ఉన్నాడనుకుంది. ఆగిన కుర్చీలో కాసియాన్ దూకుదామంటే కింద లోయ. మర్నాడు పొద్దున లిఫ్టు కదిపిన ఆరు నిమిషాలకు కాసియాన్ పైకి వచ్చాడు. ఎడమవైపు గడ్డకట్టి కూర్చుని ఉన్నాడు. రొట్టెల సంచి ఒళ్ళో ఉంది. అతన్ని దింపింది బుర్గీయే.

విచారణకు వచ్చిన అధికారి మొదట సెరాఫిన్‌నే అడిగాడు. బుర్గీ నోరు తెరిచేలోగా అతనన్నాడు. "గంట మోగించలేదు. మర్చిపోయాను." అతని ఉద్యోగం పోయింది. మూడేళ్ళు ఊళ్ళో ఎవరూ అతని బల్ల దగ్గర కూర్చోలేదు. బుర్గీ తన గుడిసెలో తానుంది. ఎదురుపడితే తల పంకించుకోవడం తప్ప ఆ ఇద్దరి మధ్య ఆ తరువాత మాటే లేదు.

గురువారం మధ్యాహ్నం ఆమె సెరాఫిన్ పనిచేసే స్కీల అద్దె కొట్టుకు వెళ్ళింది. అతను నేల మీద కూర్చుని ఒక లావుపాటి అతిథికి బూట్లు తొడుగుతున్నాడు.

"నిలబడితే వేళ్ళు ముందు తగలాలి. ఇప్పుడు మోకాళ్ళు వంచు. వేళ్ళు వెనక్కి జరిగాయా? అయితే ఇదే నీ బూటు. వదులుగా ఉంటే హాయి అనుకోకు, కొండ మీద ఏడుస్తావు. రాత్రి పొయ్యి పక్కన ఆరబెట్టకు, లోపల కాగితాలు కుక్కి బకిల్స్ పెట్టేసి ఉంచు."

అతిథి వెళ్ళాక బుర్గీ వంక చూశాడు. "నీ పాదం కొలత మారిందా ఏం?"

"నోరు కొలత మారింది," అని ఆమె ఉత్తరం ఇచ్చింది.

అతను చదివాడు. మడిచి తిరిగిచ్చాడు. "నడుము నొప్పి అని రాయి. ముసలిదాన్ని, తాళం వేయడానికి టైము పడుతుందని రాయి."

"సెరాఫిన్. ఆ రోజు గంట రెండుసార్లు పొడుగ్గా మోగింది."

"మోగలేదు."

"విన్నాను."

"నువ్వు విన్నావని నాకు తెలుసే!" అతని గొంతు పెరిగింది. "చీపురు దాటాక మనిషిని ఎక్కించింది నేను. ఎటూ మునిగేవాణ్ణి. ఇద్దరం మునిగితే ఎవరికి లాభం? ఆ పూట సత్రంలో ఆ కూత కూసింది కూడా నేనే. ఇరవై ఏడేళ్ళు మోసుకొచ్చింది ఇప్పుడు నువ్వొచ్చి నేలకేసి కొడతానంటావా?"

"నువ్వు మోసింది నా మూట. ఎవరు మోయమన్నారు నిన్ను?"

"అడిగి మోస్తారా ఎవరైనా? పో. పోయి నీ ఇష్టం వచ్చినట్టు కూసుకో."

శుక్రవారం ఆమె ఆఫీసు మెట్లెక్కింది. పోల్డీ లేచి కుర్చీ చూపించాడు. "కూర్చోండి. కారణం తెచ్చారా? రెండు వాక్యాలు చాలు."

"ఇలాంటివి రాయడం నాకు రాదు. నేను చెబుతాను, నువ్వు రాయి. కాసియాన్ పోయిన రోజు గంట పొడుగ్గా మోగింది. నేను విన్నాను. కోపం మీదున్నాను, లెక్కచేయలేదు. లిఫ్టు ఆపేశాను."

రాస్తున్న పోల్డీ వేళ్ళు ఆగిపోయాయి. తలుపు వంక చూశాడు. "అత్తా, ఏం మాట్లాడుతున్నావు? ఇది నేను రాయలేను. రాస్తే నిన్ను ఆ గుడిసెలో ఉంచలేను. ఇంకో మూడు నెలల్లో నీ సర్వీసు అయిపోతుంది. నడుము నొప్పి అని రాస్తాను, పదకొండు నిమిషాలూ ఉండనిస్తాను, సరేనా?"

"నేను దిగిపోయాక?"

"దిగిపోయాక నీకెందుకు ఆ గొడవ?"

"నడుము నొప్పి నాతోపాటే దిగిపోతుంది. నా తరువాత వచ్చేవాళ్ళకు నడుము బాగుంటే చీపురు రాగానే ఆపేస్తారు. గంట విన్నానని రాయి. చీపురు వచ్చాక పదకొండు నిమిషాలు నడపాలని నిబంధనల కాగితంలో ఎక్కించు. కింద సంతకం పెడతాను. అది మాత్రం వచ్చు నాకు."

పోల్డీ లేచి తలుపు మూశాడు. తరువాత రాశాడు. చదివి వినిపించాడు. మోగించలేదని సెరాఫిన్ చెప్పినది అబద్ధమని కూడా రాయాలా అని అడిగాడు. "అది నేను చెప్పను. వెళ్ళి వాణ్ణే అడుగు," అంది బుర్గీ. సంతకం పెట్టి, గుడిసె తాళంచెవి బల్ల మీద పెట్టి వచ్చేసింది.

ఊరు ఊరుకోదు కదా. ఆదివారం చర్చిలో ఆమె కూర్చున్న బల్ల మీద మరెవరూ కూర్చోలేదు. రొట్టెల కొట్టులో నిన్నటిదాకా బుర్గీ అత్తా అన్న పిల్ల ఆ రోజు రొట్టె చేతికివ్వకుండా బల్ల మీద పెట్టింది. బుర్గీ తలెత్తుకునే తీసుకుంది. మూడేళ్ళు సెరాఫిన్ ఏం తిన్నాడో ఇన్నాళ్ళకు ఆమెకు రుచి తెలిసింది.

సోమవారం మంచు కురిసింది. నాలుగింటికి బుర్గీ తన వంటింట్లో బంగాళాదుంపలు చెక్కుతోంది. పైగుడిసెలో ఇప్పుడు పక్క లోయ నుంచి వచ్చిన కొత్తామె ఉంది. ముప్పై నాలుగేళ్ళలో మంచు కురిసే సాయంత్రం ఆ లిఫ్టు చప్పుడు కిందినుంచి వినడం బుర్గీకి ఇదే మొదలు. తలుపు తట్టిన చప్పుడైంది. సెరాఫిన్. టోపీ మీద మంచు.

"పోల్డీ నన్ను అడిగాడు," అన్నాడు గుమ్మంలో నిలబడే.

"ఏం చెప్పావు?"

"మోగించానని చెప్పాను. ఇంకేం చెప్పమంటావు, సంతకం పెట్టి కూర్చున్నావుగా." లోపలికి వచ్చి కూర్చున్నాడు. "ఎందుకు చెప్పావే? నాకోసమా?"

"నీకోసం అనుకున్నావా, నీ మొహం. అతను ఇంకా వస్తున్నాడు సెరాఫిన్."

సెరాఫిన్ ఎవరని అడగలేదు. "కిందినుంచి అతను ఎక్కుతుంటే నేను చూసేవాణ్ణి," అన్నాడు. "ఇప్పుడు మంచు పడ్డ రోజు లిఫ్టు వీధిలోకే వెళ్ళను."

ఇద్దరూ కిటికీ వంక చూడకుండా కూర్చున్నారు. పైన తీగ గరగరమంటూనే ఉంది. చాలాసేపటికి ఆగింది. సెరాఫిన్ చేతి గడియారం చూసుకున్నాడు.

"చీపురు చేరాక పద్నాలుగు నిమిషాలు నడిపింది."

"కొత్తది కదా, భయం."

"ఏమైనా కనిపించిందంటావా?"

"కనిపిస్తే రేపు నన్ను అడుగుతుంది," అని బుర్గీ ఇంకో దుంప అందుకుంది. "భయం ఉండనీ. భయం ఉన్నదే మీట తొందరపడి నొక్కదు."