ఇమ్మానుయేలు మాస్టారి నడకా, నా సాక్సులూ

పడిపోకుండా నిలబడటం ఎలాగో పదిమందికీ నేర్పి పొట్టపోసుకునేవాణ్ని నేను. అలాంటివాణ్ని చర్చి నిండా పెళ్లిజనం చూస్తుండగా ఏం చేశానో చెబితే, రేపటి నుంచి నా క్లినిక్ గుమ్మం ఎవరైనా తొక్కుతారా? అయినా చెప్పక తప్పదు. ఆ పెళ్లి వీడియో ఇప్పటికే రాజోలు నుంచి అమలాపురం దాకా అందరి ఫోన్లలోనూ తిరుగుతోంది. మీరూ చూసే ఉంటారు. నవ్విన నవ్వు ఎలాగూ నవ్వారు, నా వైపు కథ కూడా కాస్త వినండి.

అప్పుడు నేను ఫిజియోథెరపీ చదివి కాలేజీ నుంచి కొత్తగా బయటికొచ్చాను. ఎవరైనా డాక్టరుగారూ అని పిలిస్తే వెనక్కి తిరిగి, నన్నేనా అని చూసుకునే రోజులు. మాది కొత్తపేట దగ్గర కొబ్బరితోటల కుటుంబం. పేరుకో చిన్న క్లినిక్ తెరిచినా, స్కూటరేసుకుని ఇళ్లకెళ్లి, పక్షవాతం నుంచి కోలుకుంటున్నవాళ్లకి వ్యాయామాలు చేయించేవాణ్ని. అలా దొరికిన నా మొదటి పేషెంటు ఇమ్మానుయేలు మాస్టారు. రాజోలు దగ్గర హైస్కూల్లో హెడ్మాస్టరుగా చేసి రిటైరైన మనిషి. పక్షవాతం ఆయన ఎడమ చేతినీ, ఎడమ కాలినీ దెబ్బతీసింది. చెయ్యి చాలావరకు తేరుకుంది. నడక కూడా వచ్చింది. నిలకడ ఒక్కటే రాలేదు. పక్కన ఎవరైనా గట్టిగా తుమ్మితే ఆయన గోడ పట్టుకునేవారు.

మొదటిరోజే ఆయన అసలు సంగతి చెప్పేశారు.

“మా అమ్మాయి ప్రశాంతి పెళ్లి క్రిస్మస్ వెళ్లాక పెట్టుకున్నామండి. గుమ్మం దగ్గర్నుంచి పాస్టరుగారి ముందు దాకా, పెళ్లికూతుర్ని తండ్రి చెయ్యి పట్టుకుని నడిపించాలండి. చుట్టాలందరూ చక్రాల కుర్చీ తెస్తామంటున్నారు. అప్పుడు దాన్ని నేను తీసుకెళ్లినట్టు కాదు కదండీ, అదే నన్ను తోసుకెళ్లినట్టుంటది.”

“కుర్చీ కాదు, కర్ర కూడా లేకుండా నడిపిస్తానండి,” అన్నాను. ఆ వయసులో నోటికి అడ్డూ ఆపూ ఉండదు.

“ఆయ్,” అన్నారు మాస్టారు. అని, చాలాసేపు నన్నే చూశారు. ఆ చూపుకి భయపడాల్సింది. నేను పొంగిపోయాను.

శిక్షణ మొదలైంది. కాళ్లు దగ్గరగా పెట్టించి నిలబెట్టేవాణ్ని. కుడికాలి మీద భారమంతా వేసే అలవాటు మాన్పించి, ఎడమకాలి మీదికి ఒరగమనేవాణ్ని. అల్మారా పై అరలో గ్లాసు పెట్టి అందుకోమనేవాణ్ని. వీటన్నిటికంటే ముందు, వేలు చూపించి మరీ చెప్పాను: “షూ లేకుండా అడుగు వెయ్యకూడదండి. సాక్సులతో నున్నటి గచ్చు మీద అసలే నడవకూడదు. జారితే మళ్లీ మంచమే.” మాస్టారు దాన్ని పాఠంలా అప్పజెప్పారు. గట్టి పట్టున్న తెల్లషూ ఒకటి అమలాపురంలో నేనే కొని తెచ్చాను. పంచె కింద ఆ షూ చూసి పాలు పోసేవాడు రోజూ మొహం తిప్పుకుని నవ్వుకునేవాడు.

తరవాత మెట్టు, తోయడం. నవ్వకండి, నిజంగానే అదొక వ్యాయామం. మనిషిని నిలబెట్టి, వెనక కుర్చీ వేసి, భుజం మీద ఇటునుంచీ అటునుంచీ చిన్నగా నెడితే, తూలినప్పుడు చప్పున అడుగేసి నిలదొక్కుకోవడం ఒంటికి అలవాటవుతుంది. నేను లేనప్పుడు ఆ పని మాస్టారి భార్య కరుణమ్మగారికి అప్పజెప్పాను.

“ఆయన్ని నేను తొయ్యాలా అండి?” అన్నారావిడ, చెంగు నోటికడ్డం పెట్టుకుని.

“చిన్నగానే లెండి. కాకపోతే చెప్పి తొయ్యకూడదు. ఎటు నుంచి వస్తుందో ఆయనకి తెలియకూడదు.”

“తప్పు కదండీ.”

“వైద్యమండి.”

ఆవిడ చెంగు నడుముకి దోపుకున్నారు. “రోజుకెన్ని సార్లండి?” అన్నారు.

వారం తిరక్కుండానే మాస్టారు నన్ను వరండాలోకి పిలిచి గొంతు తగ్గించారు. “వైద్యం బానే ఉందండి, కాదన్ను. కానీ నిన్న పప్పులో ఉప్పెక్కువైందన్నానండి. అన్న మరుక్షణమే తోసేరు.”

లోపల్నుంచి కరుణమ్మగారి గొంతు వినిపించింది. “ఎటు నుంచొస్తదో తెలియకూడదన్నారు కదండీ.”

ఆవిడ పుణ్యమా అని మాస్టారు రోజురోజుకీ గట్టిపడ్డారు. ఒకనాడు నేను కాస్త బలంగానే నెట్టాను. ఎడమకాలు దానంతటదే పక్కకి ఓ అడుగు వేసి ఆగింది. ఆయన గోడ పట్టుకోలేదు, కుర్చీ పట్టుకోలేదు. ఆ కాలి వంక చూస్తూ ఉండిపోయారు. ఆయన కళ్లు తడిశాయి. నావీ తడిశాయి, ఎందుకు అబద్ధం చెప్పాలి.

పెళ్లిరోజు రానే వచ్చింది. మాస్టారికి కొత్త సూటు. తూలితే పట్టుకోవడానికి కోటు కింద నడుముకి గుడ్డబెల్టు నేనే కట్టాను. నేనూ ఇస్త్రీ ప్యాంటూ, నల్లబూట్లూ, కొత్త సాక్సులూ వేసుకుని, పెళ్లికొడుకు కంటే ఓ పిసరు ఎక్కువే తయారయ్యాను. కారు దిగి చర్చి గుమ్మం దగ్గరికొచ్చాం. అక్కడ చూశాను, చెప్పుల గుట్ట.

“మాస్టారూ, లోపలికి షూతో వెళ్లకూడదా?”

“దేవుడి మందిరం కదండీ,” అన్నారాయన.

“మరిన్నాళ్లూ చెప్పలేదేంటండీ?”

“షూ లేకుండా అడుగెయ్యొద్దన్నది మీరే కదండీ. వైద్యుడి మాటకి అడ్డు చెప్పడం మర్యాద కాదని ఊరుకున్నాం. మీకేదో ఉపాయం ఉండే ఉంటదనుకున్నామండి.”

ఉపాయమా, నా బొందా. గుళ్లోకి చెప్పులతో అడుగుపెడితే వీపు పగిలే ఇంట్లో పుట్టినవాణ్ని. చర్చిలో పెళ్లి అనగానే మాత్రం సినిమాల్లో చూసిన కోట్లూ బూట్లే నా బుర్రలో తిరిగాయి. మన కోనసీమ చర్చిలో చెప్పులు ఎక్కడ విడుస్తారని ఒక్క మాట అడిగిన పాపాన పోలేదు. లోపల అద్దంలా మెరిసే గ్రానైటు, దాని మీద పూలరేకులు. పాట కూడా అందుకున్నారు.

“డాడీ, కుర్చీ తెప్పించనా?” అంది ప్రశాంతి మెల్లగా.

మాస్టారు నా వంక చూశారు. మొదటిరోజు చూసిన చూపే.

“నేను వెనకే ఉంటానండి. ప్రాణం పోయినా బెల్టు వదలను,” అన్నాను.

కరుణమ్మగారు వంగి ఆయన షూ విప్పి, సాక్సులు కూడా లాగేసి, ముందు వరసలోకి వెళ్లిపోయారు. నేను కంగారులో నా బూట్లు తన్నేశాను. బూట్లు మాత్రమే.

మాస్టారు నడిచారు. కుడిచేతికి కూతురు, ఎడమపక్క గాలి. ఒట్టికాళ్లతో, వేళ్లు నేలకి ఆనించి, తొందరపడకుండా నడిచారు. కోటు పట్టుకు వేలాడుతున్న ఈ కుర్రాడెవడ్రా అని జనం చూస్తున్నారు. నా కళ్లు ఆయన పాదాల మీదే ఉన్నాయి. ఇంకాస్త దూరంలో పాస్టరుగారు నవ్వుతూ నిలబడ్డారు. గెలిచేశాం అనుకున్నాను. అనుకుని, తలెత్తి కెమెరా వంక చూశాను.

నా సాక్సు పూలరేకుల మీద పడింది. రెండు కాళ్లూ ఒకేసారి ముందుకెళ్లిపోయాయి, నేను వెనక్కి పడ్డాను. బెల్టు వదలనని మాటిచ్చాను కదా, వదల్లేదు. నా బరువంతా మాస్టారి నడుముని వెనక్కి లాగింది.

పాట ఆగింది. చర్చంతా లేచి నిలబడింది. ప్రశాంతి చెయ్యి జారిపోయింది. మాస్టారు వెనక్కి తూలారు. అంతలో ఆయన ఎడమకాలు, ఆ పడిపోయిన కాలే, ఓ అడుగు వెనక్కి వేసి నేలని గట్టిగా పట్టుకుంది. మనిషి ఒకసారి ఊగారు. నిలబడ్డారు.

ఆ నిశ్శబ్దంలో ముందు వరస నుంచి కరుణమ్మగారి మాట అందరికీ వినిపించింది. “నేను తోసింది ఇందులో సగం కూడా లేదమ్మా.”

మాస్టారు నెమ్మదిగా ఇటు తిరిగి, ఎడమచెయ్యి నాకు అందించారు. “కంగారు పడకండి డాక్టరుగారూ. చూపు ముందుకి పెట్టండి. నిదానంగా లేవండి.” అన్నీ నేను నేర్పిన మాటలే. లేచాక ఆయన చూపు నా పాదాల మీద పడింది. అంతే, హెడ్మాస్టరు గొంతు బయటికొచ్చింది. “సాక్సులతో నున్నటి గచ్చు మీద?”

“నడవకూడదండి,” అన్నాను, చర్చి మొత్తం వింటుండగా, చేతులు కట్టుకుని.

ఆయన కూతురి చెయ్యి మళ్లీ అందుకుని మిగతా దూరం నడిచారు, వెనక నేనూ లేను, బెల్టు పట్టుకునేవాళ్లూ లేరు. నేను సాక్సులు జేబులో కుక్కుకుని, బెంచీ చివర కూర్చుని నవ్వుతూ ఏడ్చాను.

క్లినిక్ మూతపడుతుందనుకున్నాను. పడలేదు. “అంత లాగినా పడలేదంటే మాటలా అండి,” అంటూ ఆ వీడియో చూసినవాళ్లే వెతుక్కుంటూ వస్తున్నారు. ఎవరొచ్చినా ముందు ఒకటే అడుగుతున్నాను: మీరు నడిచి వెళ్లాలనుకునే చోట చెప్పులు విప్పాలా అండి?

ఇక, మా గోదారి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో సాక్సులతో ఏ దేవుడి గడపా తొక్కను. పేషెంటు బెల్టు వదలనని ఎవరికైనా మాటిస్తే, నేను పడేటప్పుడు మాత్రం ఆ మాట తప్పుతాను.