పురుగు పట్టని జొన్నలు

మొన్న వాన కురిసిన సాయంత్రం, భూపాలపల్లిలో నేనుండే అద్దెగదిలో, గ్యాస్ బండ వెనుక నుంచి ఒక కీచురాయి అరవడం మొదలుపెట్టింది. ఆ చప్పుడు కింది వాటాకు కూడా వినిపించిందేమో, ఇంటి యజమానురాలు పురుగుల మందు డబ్బా పట్టుకుని మెట్లెక్కి వచ్చి, నేను తలుపు పూర్తిగా తీసేలోపే బండ వెనుకంతా కొట్టేసి, ఇక హాయిగా పడుకోమని చెప్పి దిగిపోయింది. వద్దని చెప్పాలనుకున్నాను. కానీ మనసులోని మాటను డైరీలో పేజీలకు పేజీలు రాయగలను తప్ప ఎదుటి మనిషితో ఒక్క ముక్క అనలేని స్వభావం నాది. అరుపు ఆగిపోయింది. ఆ నిశ్శబ్దంలో కూర్చుంటే, డిగ్రీ అయిపోయి ఉద్యోగం ఇంకా రాక మహబూబాబాద్‌లో మా ఇంట్లోనే ఉన్న ఒక వానాకాలం గుర్తుకొచ్చింది. ఒక ప్లాస్టిక్ డబ్బాలో ఇలాంటి అరుపులే ఒక్కొక్కటిగా తగ్గిపోతుంటే ఊపిరి బిగబట్టి విన్న రోజులవి.

అప్పుడే మా అన్న పెళ్లయింది. హైదరాబాద్ నుంచి వచ్చిన మా వదిన బట్టలతో పాటు ఒక గాజుపెట్టె కూడా తెచ్చుకుంది. అందులో, పసుపుపచ్చని ఒంటి మీద చిరుతపులికి ఉన్నట్టు నల్లని మచ్చలున్న పెంపుడు బల్లి ఒకటి. అది మన బల్లుల్లా గోడలెక్కదు, నేల మీదే తీరిగ్గా నడుస్తుంది, మనిషిలా రెప్పలు ఆర్పుతుంది, తోక వేలంత లావుగా ఉంటుంది. తిన్నదంతా కొవ్వుగా ఆ తోకలోనే దాచుకుంటుందని, తోక సన్నబడిందంటే ప్రాణం మీదికి వచ్చినట్టేనని వదిన చెప్పింది. దాని తిండి బతికున్న కీచురాళ్లు. వాటికి వేరే డబ్బా, నక్కడానికి కోడిగుడ్ల అట్టలు.

మా అవ్వ, అంటే నాయిన వాళ్ల అమ్మ, ఆ గాజుపెట్టెను చూసిన రోజున వాడకట్టంతా వినేలా ఒక మాట అనేసింది. “గోడెక్కని బల్లి ఏం బల్లే! కోడలొస్తే లచ్చిమొస్తదనుకున్న, మనింటికి బల్లొచ్చింది.” వదిన తల వంచుకుని నవ్వింది గానీ ఆ నవ్వు పెదవుల దగ్గరే ఆగిపోయింది. అప్పటి నుంచి ఇద్దరి మధ్యా అవసరానికి మించి మాటల్లేవు. అవ్వ ఆ గది గడప దాటేది కాదు. నేనేమో పుస్తకం పట్టుకుని ఆ పెట్టె పక్కనే కూర్చునేదాన్ని, ఎందుకంటే నన్ను మాట్లాడమని బలవంతపెట్టని ఇద్దరూ ఆ గదిలోనే ఉండేవారు. కీచురాయి ఏది తింటే చివరికి బల్లికి అదే అందుతుందని, ఖాళీ కడుపుతో ఉన్న కీచురాయి బల్లికి ఒట్టి పొట్టులాంటిదని, అందుకే బల్లికన్నా ముందు పురుగులకే మంచి తిండి పెట్టాలని వదిన నాకు అక్కడే నేర్పింది.

బల్లి గుడ్లు పెట్టి నీరసించి ఉన్న సమయంలోనే, హైదరాబాద్‌లో వదిన వాళ్లమ్మ జారిపడి, తుంటి ఎముకకు ఆపరేషన్ చేయాల్సి వచ్చింది. అన్న తెల్లవారే రైలెక్కి జనగామలో ఉద్యోగానికి వెళ్లేవాడు, చీకటి పడ్డాకే ఇల్లు చేరేవాడు. “నువ్వున్నవనే పోతున్న,” అని నా చేయి నొక్కి వదిన బస్సెక్కింది. అనుకున్నదానికంటే ఎక్కువ రోజులు ఉండాల్సి రావడంతో, తాను పెట్టివెళ్లిన పురుగుల దాణా నిండుకుంది. ఇంట్లోనే ఎలా కలపాలో ఫోన్‌లో చెప్పింది: జొన్నపిండి, ఎండబెట్టి నలిపిన మునగాకు, మెత్తగా నూరిన గుడ్డుపెంకులు, తడి కోసం పక్కన ఒక క్యారెట్ ముక్క.

మునగాకు ఆరబోస్తుంటే అవ్వ వచ్చి ఎందుకని అడిగింది. తిడుతుందనుకుంటూనే చెప్పాను. అవ్వ లోపలికి వెళ్లి, రొట్టెల కోసం డ్రమ్ములో దాచుకున్న, అమ్మను కూడా ముట్టనివ్వని తన జొన్నలు చాటలో పోసుకుని, తానే గిర్నీకి తీసుకెళ్లి పట్టించుకొచ్చింది. పిండి ఇంకా వెచ్చగానే ఉంది. “బాలెంత గదనే. బల్లైతే ఏంది, తల్లే గదా,” అంది, నా ముఖం వైపు చూడకుండా. ఆ రోజు నా డైరీలో ఆ మాట తప్ప ఇంకేమీ రాయలేదు.

తర్వాత కీచురాళ్లు చావడం మొదలైంది. మొదట ఉక్కపోత వల్లేమో అనుకున్నాను. కానీ వెల్లకిలా పడి కాళ్లు కొట్టుకునేవి రోజురోజుకూ ఎక్కువయ్యాయి, డబ్బాలో గోల పలచబడింది. కదలని పురుగును బల్లి కన్నెత్తి చూడదు. బయట మిడతల్ని పట్టి వేద్దామంటే, మా చుట్టూ ఉన్నవి మిర్చి, పత్తి చేలు. మందు కొట్టని రోజుండదు కాబట్టి బయటి పురుగును ముట్టనే వద్దని వదిన గట్టిగా చెప్పి వెళ్లింది. బల్లి తోక సన్నబడుతూ వచ్చింది. వేలు పెట్టి కొలిచి చూసుకుంటూ, ఫోన్ మోగితే ఉలిక్కిపడుతూ గడిపాను.

ఒక మధ్యాహ్నం అవ్వ డ్రమ్ము మూత తీసి ఉండటం చూసి, ఇన్నాళ్లున్నా ఈ జొన్నలు ఇంత తేటగా ఎట్లున్నయని ఊరికే అడిగాను.

“నా జొన్నలల్ల ఒక్క పురుగు సూపియ్యి సూద్దాం! బోరిక్ పౌడర్ కలిపి పెడ్త. రొట్టెలకు పట్టిచ్చేటప్పుడు బాగ కడిగి ఎండవోస్త.”

“మరి మొన్న కడిగినవా అవ్వా?”

“పురుగులకేసేటియి ఎవలన్న కడుగుతరానే...” అంటూనే అవ్వ ఆగిపోయింది. చేతిలోని గింజలు జారి డ్రమ్ములో పడ్డాయి. చాలా మెల్లగా, “నేను కావాల్నని సంపిననంటదా మీ వదిన?” అని అడిగింది.

బల్లిని గురించి అవ్వ అన్న మాట వాడకట్టంతా విన్నదే. ఆ బల్లి చస్తే, ప్రేమతో చేసిన పని అని ఎవరు చెప్పినా వదిన నమ్ముతుందా? ఎల్లుండి వస్తున్నానని ఆ పొద్దున్నే కబురు పెట్టింది కూడా.

పిండి పారబోసి, డబ్బా కడిగి ఆరబెట్టి, మిగిలిన కాసిని కీచురాళ్లకు క్యారెట్ ముక్కలు వేశాను. కానీ క్యారెట్‌తో బలం రాదు, బల్లికి పనికొచ్చే దాణా కావాలి. మా ఇంట్లో బియ్యంలో బోరిక్ పౌడర్, కందిపప్పుకు ఆముదం, పెసల్లో బూడిద. మన తల్లులందరూ పురుగుతో యుద్ధం చేసినవాళ్లే కదా. ఏ దుకాణంలో ఏం కలుపుతారో చూసి చెప్పలేం. ఆలోచించగా ఆలోచించగా ఒకటే దారి తోచింది: పురుగు బతికున్న గింజ అయితేనే నమ్మొచ్చు. అంటే బజారుకు వెళ్లి, నోరు తెరిచి, పురుగు పట్టిన జొన్నలు కావాలని అడగాలి.

మొదటి దుకాణంలో అడగలేక ఉప్పు ప్యాకెట్ కొనుక్కుని వచ్చేశాను. రెండో దుకాణంలో అడగగలిగాను గానీ, సేటు తక్కెడ వదిలేసి లేచాడు. “మా దుకాణంల పురుగులున్నయని ఎవలు చెప్పిన్రు? ఎవలు పంపిన్రు నిన్ను?” అందరూ తిరిగి నన్నే చూశారు. చెవులు మండిపోతుంటే గిర్నీ దాకా నడిచాను. గిర్నీ నడిపే చాచీ చుట్టూ కారం పట్టించుకునే ఆడవాళ్లు నిలబడి ఉన్నారు. వెనక్కి తిరిగిపోదామనుకున్నాను. గింజలు జారవిడిచిన అవ్వ చెయ్యి గుర్తొచ్చి, మర హోరును మించి అరిచినట్టే అడిగేశాను.

చాచీ మర ఆపేసింది. “క్యా బేటీ? అందరు పురుగులు ఏరి పట్టియ్యమంటరు, నీకు పురుగులే కావాల్నా?” ఆడవాళ్లు పగలబడి నవ్వారు. అయినా చాచీ తన కోళ్ల కోసం ఉంచిన బస్తా మూతి విప్పింది. “సంచి ఎందుకు? నువ్వు ముందు నడువు, జొన్నలే నీ యెంబడి నడిసొస్తయి.”

ఆ జొన్నల్ని అవ్వే రోట్లో వేసి దంచింది. అలవాటుగా ఆమె వేళ్లు పురుగుల్ని ఏరి పక్కన పడేస్తుంటే, నేను వాటిని తిరిగి ఏరి రోట్లో వేశాను. మునగాకు, గుడ్డుపెంకుల పొడి కలిపి డబ్బాలో పెట్టి, ఇద్దరం ఎదురుచూశాం. చనిపోయేవి చనిపోయాయి. మిగిలినవి మర్నాటికి పిండి చుట్టూ చేరాయి. బల్లి మాత్రం కదల్లేదు.

వదిన వచ్చి చెప్పులు విడవకముందే అవ్వ ఎదురెళ్లింది. “బిడ్డా, నీ పురుగులను నేనే సంపిన. మందు జొన్నలు కడగకుంట ఏసిన. ఈ పిల్లను ఏమనకు.” వదిన నేరుగా గదిలోకి వెళ్లి, బల్లిని అరచేతిలోకి తీసుకుని, తోకను చాలాసేపు చూసింది. తర్వాత దాన్ని పెట్టెలో దించి, చిన్న పట్టకారుతో ఒక కీచురాయిని దాని ముందు ఆడించింది. బల్లి రెప్పలు ఆర్పింది, అంతే. గడప అవతల అవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది. వదిన మళ్లీ ఆడించింది. మళ్లీ. అప్పుడు తోక చివర సన్నగా వణికింది, వెంటనే టక్కుమన్న చప్పుడు, పట్టకారు ఖాళీ.

“లోపలికి రా అవ్వా, గడపల నిలవడొద్దు,” అంది వదిన వెనక్కి తిరగకుండానే.

“వద్దు తియ్యే. దాని కన్ను నా మీదనే ఉన్నది,” అంటూనే అవ్వ గడప దాటింది.

ఆ బల్లి మరికొన్నేళ్లు బతికింది. అన్నా వదినా జనగామకు మారిపోయారు, అక్కడే అది ముసలిదై చనిపోయింది. ఇప్పుడు ఆ గాజుపెట్టెలో మా మేనకోడలి బొమ్మలున్నాయి. ప్యాకెట్ పిండి వచ్చాక చాచీ గిర్నీ మూతపడింది. అవ్వ మాత్రం ఏటా ఒక చిన్న డబ్బాలో ఏ మందూ కలపని జొన్నలు పోసి ఉంచుతుంది. ఎందుకవ్వా అంటే, ఎవలన్న అడిగితే లేదంటమా అంటుంది. అడిగేవారు లేరు.

పోయిన నెల ఇంటికి వెళ్లినప్పుడు ఆ డబ్బాను ఎండలోకి తెచ్చి, నా ముందు గింజల్ని వేళ్లతో కెలికి చూపించింది. తేటగా, ఒక్క రంధ్రం కూడా లేకుండా మెరుస్తున్నాయి. “దుకాణంల తెచ్చినట్టే ఉంచిన. నేనైతే ఏం కలపలే. ఏడాదైతంది, ఒక్క పురుగు రాలేదే,” అంది. మెచ్చుకోవాలో భయపడాలో తెలియనట్టు నా ముఖంలోకి చూసి, మళ్లీ వంగి, అడుగున ఒక్కటైనా కనబడుతుందేమోనని ఆ గింజల్ని చాలాసేపు తిరగేస్తూనే ఉండిపోయింది.